ముత్యాల నది ఒడ్డున మూడేళ్ళు

విదేశంలో కాపురం అనగానే మన కుటుంబాలకు గల్ఫ్ దేశాలే గుర్తుకొస్తాయి. అక్కడ అయిదు పూటలా అజాన్ వినబడుతుంది. హలాల్ గురించి అడగనక్కర లేదు. ఏ వీధికి వెళ్ళినా తెలుగు మాట చెవిన పడుతుంది. మాకు మాత్రం అల్లాహ్ కొంతకాలం చైనాలో ఉపాధి రాసిపెట్టాడు. బట్టల ఎగుమతి వ్యాపారంలో ఉద్యోగం దొరకడంతో 2016లో నెల్లూరు నుంచి పిల్లలతో సహా గ్వాంగ్‌జౌ నగరానికి వెళ్ళాము. 2019 దాకా అక్కడే ఉన్నాము.

ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కాంటన్ అని పిలిచిన రేవు పట్టణం ఇదే. ముత్యాల నది ఒడ్డున ఉంది. 1957లో మొదలైన ఎగుమతుల సంత ఇక్కడ ఏటా వసంతంలోనూ, శరత్కాలంలోనూ జరుగుతుంది. దానికోసం ప్రపంచం నలుమూలల నుంచి వర్తకులు వస్తారు. కొందరు అక్కడే ఇళ్ళు అద్దెకు తీసుకుని స్థిరపడతారు.

మొదటి రోజు, మొదటి కాగితం

చైనాలో విదేశీయుడు హోటల్లో కాకుండా ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆ పేట పోలీసు ఠాణాలో పేరు నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, ఇంటి యజమాని వివరాలు చూపాలి. అప్పుడు ఒక కాగితం ఇస్తారు. నివాస అనుమతి కావాలన్నా ముందు ఆ కాగితమే అడుగుతారు. ఇల్లు మారితే మళ్ళీ నమోదు. పరదేశికి ఇంటి యజమాని సహకారం ఎంత అవసరమో మాకు ఆ మొదటి రోజే అర్థమైంది.

రెండో సమస్య తిండి. చైనా భాషలో 'రౌ' అంటే మాంసం. కానీ ఏ జంతువుదో చెప్పకుండా ఉత్త 'రౌ' అంటే పంది మాంసమే అని అర్థం. కూరగాయల వంటకంలో కూడా దాని కొవ్వు వేయవచ్చు. అందుకే మేము ముందుగా నేర్చుకున్నవి రెండు అక్షరాలు, 'ఛింగ్‌జెన్'. స్వచ్ఛమైనది, సత్యమైనది అని వాటి అర్థం. చైనా ముస్లిములు హలాల్‌కు వాడే మాట అది. ఆ బోర్డు ఎక్కువగా లాన్‌జౌ గోమాంసపు నూడుల్స్ కొట్ల మీద కనిపిస్తుంది. వాయవ్య చైనా నుంచి వలస వచ్చిన హుయి ముస్లిములు వాటిని నడుపుతారు. తెల్లటోపీ పెట్టుకున్న కుర్రవాడు పిండిముద్దను చేతులతో సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి సన్నటి దారాలుగా చేస్తుంటే మా పిల్లలు తినడం కూడా మరచిపోయేవారు. మేము 'అస్సలాము అలైకుమ్' అనగానే ఆ ఇంటివాళ్ళ ముఖాలు విప్పారేవి. ఆ తర్వాత మాటలు ముందుకు సాగేవి కావు. సైగలతోనే కాలక్షేపం.

భాష అంత కష్టం. 'మాయ్' అనే మాటను కిందికి దించి మళ్ళీ లేపి పలికితే కొనడం. ఒక్కసారిగా దించేస్తే అమ్మడం. అంగడికి వెళ్ళి మేము ఎన్నిసార్లు టమాటాలు 'అమ్మబోయామో' లెక్క లేదు.

అన్నం తిన్నారా?

మా ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసేది. ఏదో ఫిర్యాదు చేస్తున్నదేమోనని మేము భయపడ్డాము. అడిగి తెలుసుకుంటే ఆవిడ అంటున్నది "అన్నం తిన్నారా?" అని. ఫాన్ అంటే అన్నం. అక్కడివాళ్ళ పలకరింపే అది. మన ఊళ్ళో పెద్దవాళ్ళు అడిగే మాటే కదా! ఆ రోజు నుంచి ఆ వీధి మాకు పరాయిగా తోచలేదు. మేము ఆమె వండినది తినమని తెలిశాక ఆవిడ కమలాపండ్లు తెచ్చి ఇచ్చేది.

శుక్రవారం అక్కడ పనిదినం. సెలవు అడిగి యుయెషియు పార్కు సమీపంలోని షియెన్‌షియెన్ మసీదుకు వెళ్ళేవాళ్ళం. అక్కడి పురాతన సమాధి హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ది అని స్థానికుల నమ్మకం. అయితే ఆయన మదీనాలో ఖననమయ్యారని మనకు చరిత్ర చెబుతున్నది. పాత నగరంలో హువాయ్‌షెంగ్ మసీదు, దాని 36 మీటర్ల మినార్ ఉన్నాయి. సముద్రం మీద వచ్చిన అరబ్బు వర్తకుల కాలాన్ని అవి గుర్తు చేస్తాయి. ఇమామును అక్కడ 'ఆహొంగ్' అంటారు. ఫారసీ 'ఆఖుంద్' నుంచి వచ్చిన మాట అది. ఆఫ్రికన్లు, అరబ్బులు, హుయిలు, మేము, అందరం ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడేవాళ్ళం.

హద్దులు కూడా చెప్పాలి. 1994 నాటి నిబంధనల ప్రకారం విదేశీయులు ప్రార్థనాస్థలాల్లో పాల్గొనవచ్చు గానీ మతప్రచారం చేయరాదు. మా పిల్లలకు ఖుర్ఆన్ పాఠం ఇంట్లో తల్లి చెప్పినదే. ఇదే దేశంలో షింజియాంగ్ ప్రాంతపు వీగర్ ముస్లిముల సామూహిక నిర్బంధంపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టులో తీవ్రమైన నివేదిక వెలువరించింది. మా కాపురం సాఫీగా సాగిందని ఆ బాధ లేదనుకోకూడదు.

రంజాన్‌లో ఇఫ్తార్ చేసి అమ్మీకి ఫోను చేస్తే నెల్లూరులో ఇంకా అసర్ వేళే. రెండున్నర గంటల తేడా! ఆ వేళ మా ఒంటరితనం పోగొట్టినవాడు పై అంతస్తులో ఉన్న గినీ దేశపు యువకుడు. చెప్పుల వ్యాపారం చేసేవాడు. అతను ఖర్జూరాలు తెచ్చేవాడు, మేము గంజి కాచేవాళ్ళం.

కరోనా వచ్చాక

మేము తిరిగి వచ్చిన మరుసటి ఏడు, 2020 ఏప్రిల్‌లో, కరోనా భయంతో గ్వాంగ్‌జౌలో ఎందరో ఆఫ్రికన్లను అద్దె ఇళ్ళ నుంచి, హోటళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. మా మిత్రుడు కూడా వారిలో ఒకడు. అతనికి జబ్బు లేదు, అద్దె బాకీ లేదు. "పోలీసు కాగితం నా జేబులోనే ఉంది భాయీ, తాళం మాత్రం మార్చేశారు" అన్నాడు ఫోనులో. రెండు రాత్రులు రోడ్డు పక్కనే గడిపాడు. ఎదురింటి ముసలావిడ మా యోగక్షేమాలు అడుగుతూ వియ్‌చాట్‌లో సందేశాలు పంపేది. ఆ జూన్ చివర్లో మన ప్రభుత్వం వియ్‌చాట్‌ను నిషేధించింది. ఆవిడ సంగతి మళ్ళీ తెలియలేదు.

కాగితం ఎంత అవసరమైనా, మనిషికి నీడ ఇచ్చేది మనిషే. ఈ సంగతి మేము నేర్చుకున్నామనే అనుకున్నాము. మొన్నామధ్య మా వెనక వాటా ఖాళీ అయింది. బీహారు నుంచి వచ్చిన తాపీ పనివాడు భార్యాబిడ్డలతో గుమ్మంలో నిలబడి ఇల్లు అడిగాడు. పేరు చెబితే చాలు ఇల్లు లేదనే జవాబు మనలో ఎంతమందికి తెలియదు? అయినా మా నోట మొదట వచ్చిన మాట, "కాగితాలున్నాయా?"

మధ్యాహ్నం రెండు దాటింది. చంటిబిడ్డ ఏడుస్తోంది. అన్నం తిన్నారా అని అడగడం మాకు ఆ తర్వాత గానీ తోచలేదు. వాళ్ళు ఇప్పుడు మా వెనక వాటాలోనే ఉంటున్నారు. ఆ ఆలస్యం మాత్రం మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.