మొక్కు తీరినా మానని గాయం
మాతమ్మలను వెంటాడుతున్న కోపం, మమకారం

తిరుపతి: బిడ్డకు జబ్బు చేస్తుంది. దరిదాపుల్లో వైద్యం ఉండదు. ప్రాణం నిలిపితే నీకే ఇచ్చుకుంటామని కన్నవారు మాతమ్మ తల్లికి మొక్కుకుంటారు. బిడ్డ కోలుకున్నాక గుడిలో తాళి కట్టించి అమ్మవారికి అంకితం చేస్తారు. ఆ బాలికకు ఇక పెళ్లి ఉండదు. పెద్దదయ్యాక జాతరలలో ఆడాలి, ఊరి మగవారి కోరికలకు లోబడాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లోని దళిత కుటుంబాలను తరతరాలుగా పీడించిన మాతమ్మ ఆచారమిది. దీనిపై వచ్చిన ఆరోపణలకు సంబంధించి జాతీయ మానవ హక్కుల సంఘం 2017లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు జారీ చేసింది.

ఇలాంటి జీవితం గడిపిన మహిళ తనకు అన్యాయం చేసినవారిని ద్వేషిస్తుందని లోకం భావిస్తుంది. వాస్తవం అంత సులువైనది కాదు.

కన్నవారే కారకులు

తాళి కట్టించినది తల్లిదండ్రులే. బిడ్డ బతకాలని తపించినదీ వారే. అందుకే కోపం వచ్చిన ప్రతిసారీ, ఆ మొక్కే లేకుంటే తాను బతికి ఉండేదాన్నా అన్న సందేహం ఆమెను అడ్డగిస్తుంది. తన జీవితాన్ని బలిచేసిన తల్లి మంచాన పడితే గంజి కాచి పోసేది కూడా ఆమే కావచ్చు. అమ్మవారి పట్ల భక్తి, భయం ఈ ముడిని మరింత బిగిస్తాయి.

వాడుకున్నవాడే పిల్లల తండ్రి అయినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. అతడు పిల్లలకు ఇంటిపేరు ఇవ్వడు. అయినా పండుగకు తెచ్చిన చీర, కరవులో పంపిన బియ్యం ఆమెకు గుర్తుంటాయి. అతడు రాకపోకలు మానేస్తే ఆమెకు ఊరట కలగవచ్చు, దిగులూ కలగవచ్చు.

ఎందుకిలా?

ఆధారపడిన మనిషే హింసించినప్పుడు ఆ ద్రోహాన్ని గుర్తించడమే ప్రమాదమవుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రైడ్ 1996లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. అన్నం పెట్టే చేతిని దూరం చేసుకుంటే బతుకు లేదని పసిమనసుకు తెలుసు. కాబట్టి అది ద్రోహాన్ని మరుగుపరచి అనుబంధాన్ని నిలుపుకుంటుంది. ఇది బలహీనత కాదు, బతకడానికి మనసు వెతుక్కున్న దారి. ఇంటిలోనే వేధింపులకు గురైన బాలికలకు, భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్యలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

చట్టం ఏమంటోంది?

దేవతలకు స్త్రీలను అంకితం చేయడాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం 1947లోనే నిషేధించింది. అప్పట్లో చిత్తూరు జిల్లా ఆ రాష్ట్రంలో భాగం. ఆంధ్రప్రదేశ్ 1988లో ప్రత్యేక చట్టం చేసింది. కన్నవారు చేయించినా నేరమే. బాధితురాలు నోరు విప్పడానికి వెనుకాడటానికి ఇదొక కారణం. ఫిర్యాదు చేస్తే జైలుకు వెళ్లేది తన తల్లే కావచ్చు.

అయితే ఆమె మమకారం నేరస్థుడికి రక్షణ కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు బాలిక ఒప్పుకున్నదన్న వాదన చెల్లదు. బాధితురాలు నిందితుడిని తలచుకుని కన్నీరు పెట్టినంత మాత్రాన నేరం జరగలేదని కాదు.

చుట్టూ ఉన్నవారు చేయవలసింది

ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని నిలదీయరాదు. క్షమించమని గానీ, తెగతెంపులు చేసుకోమని గానీ ఒత్తిడి తేరాదు. కోపాన్నీ ప్రేమనూ ఒకే నోట చెప్పినా ఓపికగా వినాలి. బాలికల విషయంలో 1098కి, మహిళలైతే 181కి ఫోన్ చేయవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం అందిస్తుంది.

తల్లిని ప్రేమిస్తూనే, తల్లి చేసినది తప్పని చెప్పే హక్కు ఆ కూతురికి ఉంది. ఆ రెండు మాటలనూ నమ్మేవారు దొరికిన రోజున ఆమె తన కూతురి మెడలో అదే తాళి పడకుండా అడ్డుకోగలుగుతుంది.