పొరుగువారి బిడ్డను మన ఇంట చూసుకొనే ముందు

26 వారాల ప్రసూతి సెలవు ముగియగానే ఉద్యోగినియైన తల్లికి ఎదురయ్యే ప్రశ్న: బిడ్డను ఎవరికి అప్పగించాలి? చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు పసిపిల్లల సంరక్షణ వసతి కల్పించాలి. చిన్న సంస్థల్లో పనిచేసేవారికి ఆ ఊతం లేదు. అందుకే మన సంఘాల్లో కొందరు సోదరీమణులు ఇంటివద్దనే పిల్లలను చూసుకుందామా అని ఆలోచిస్తున్నారు. మంచి ఆలోచనే. అయితే ఒప్పుకొనే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలని మనవి చేస్తున్నాము.

మొదటిది, సంఖ్య. వంటింట్లో మంట లేస్తే ఒక్కసారిగా ఎంతమందిని ఎత్తుకొని బయటికి రాగలరు? నడక రాని పిల్లల విషయంలో ఆ జవాబే మీ హద్దు. డబ్బు కోసం దాన్ని దాటవద్దు.

రెండవది, ఇల్లు. పాకే బిడ్డకు నీళ్ల బకెట్టు కూడా ప్రాణాపాయమే. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. వేరుశనగ గింజలు గొంతుకు అడ్డుపడతాయి. భర్త, అత్తమామలు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వచ్చిపోయే బంధువులెవరైనా సరే, బిడ్డను వారి దగ్గర ఒంటరిగా వదలనని మొహమాటం లేకుండా చెప్పగలగాలి.

మూడవది, ఒప్పందం. వేళలు, నెలకు ఇచ్చే మొత్తం, సెలవులు, బిడ్డకు జ్వరమొస్తే ఏం చేయాలి అన్నవి కాగితం మీద రాసుకోండి. ఒకే సంఘస్థులమని మాట దాచుకుంటే రేపు మనసులు విరుగుతాయి.

వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా "నావల్ల కాదమ్మా" అనండి. నమ్మి వచ్చిన తల్లికి ముందే నిజం చెప్పడమూ సేవే.