తాతయ్య .315 రైఫిల్‌ని అప్‌గ్రేడ్ చేద్దామనుకున్నా: ఏం మార్చొచ్చు, ఏం ముట్టుకోకూడదు?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి బ్యాటరీ, స్క్రీన్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏవీ లేని ఒక గ్యాడ్జెట్ గురించి రాస్తున్నా. రాయవరంలో మా తాతయ్య దగ్గరున్న .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్. కొబ్బరి తోట, పొలం స్వయంగా చూసుకునే రోజుల్లో రక్షణ కోసమని లైసెన్స్ తీసుకుని కొన్నారు. ఇప్పుడాయనకి 70 దాటాయి. లైసెన్స్ నాన్న పేరుకి మార్పించాలని ఇంట్లో అనుకుంటున్నారు. "ఇచ్చేదేదో బాగు చేయించి ఇద్దాంరా" అన్నారు తాతయ్య.

నాకు ఆ మాట చాలు. రెండు రాత్రులు వీడియోలు చూసి లిస్ట్ రాసేశా: కొత్త స్టాక్, స్కోప్, మ్యాట్ బ్లాక్ కోటింగ్, బ్యారెల్ కొంచెం పొట్టిగా. చివరికి ఆ లిస్ట్‌లో ఒక్కటీ జరగలేదు. అయినా రైఫిల్ బాగుపడింది. ఎలాగో చూద్దాం.

అసలు ఈ రైఫిల్ ఏంటి?

సినిమాల్లో, పోలీస్ స్టేషన్ల దగ్గర చూసిన "త్రీ నాట్ త్రీ" గుర్తుందా? అది లీ ఎన్‌ఫీల్డ్. మన .315 లోపల ఉన్నది కూడా దాదాపు ఆ మెకానిజమే. .303 మిలిటరీ తూటా కాబట్టి బ్రిటిష్ వాళ్ల కాలంలో మామూలు జనానికి ఇవ్వలేదు. అందుకే సివిలియన్ల కోసం .315, అంటే 8 ఎం.ఎం. వెర్షన్ వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని తయారు చేస్తుంది. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని ఏడు కంపెనీలుగా విడగొట్టాక అది ఏడబ్ల్యూఈఐఎల్ కిందకి వచ్చింది.

విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నుంచి బాగా కట్టడి అయిపోవడంతో పాత ఇంపోర్టెడ్ రైఫిళ్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి. కాబట్టి మన దగ్గర బడ్జెట్ సెగ్మెంట్ అంటే ఇదే.

ముందు రూల్స్, తర్వాతే స్క్రూడ్రైవర్

ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే మహా అయితే వారంటీ పోతుంది. ఇక్కడ జైలుకి పోతాం. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం:

- తుపాకీ రిపేర్ పని లైసెన్స్ ఉన్నవాళ్లే చెయ్యాలి. ఊళ్లో లేత్ మెషీన్ ఉన్న అన్నయ్య ఎంత పనిమంతుడైనా కుదరదు.
- అనుమతి లేకుండా బ్యారెల్ పొట్టి చెయ్యడం నేరం.
- బాడీ మీద గుర్తింపు నంబర్ చెరిపెయ్యడం కూడా నేరమే. కోటింగ్ కోసం సాండ్‌పేపర్ పట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.
- లైసెన్స్ లేని నేను రిపేర్‌కి తీసుకెళ్లాలంటే తాతయ్య పక్కనుండాలి, లేదా ఆయన రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

ఇంకొకటి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేట అనే మాటే లేదు. హంటింగ్ రైఫిల్ అన్నది ఇప్పుడు పేరుకే.

గన్‌స్మిత్ దగ్గర ఏం తేలింది?

తాతయ్యని కారెక్కించి, లైసెన్స్ ఉన్న షాపుకి వెళ్లాం. అక్కడి పెద్దాయన ముందు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, బోల్ట్ లాగి, "ఏం నూనె వాడతారండి?" అని అడిగారు. "మా తోట కొబ్బరి నూనేనండి" అన్నారు తాతయ్య గర్వంగా. అసలు బగ్ అదే! కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కోనసీమలో డిసెంబర్ పొద్దున్న సీసాలో ఏమవుతుందో బోల్ట్ లోపలా అదే అవుతుంది. పైగా ఏళ్ల తరబడి దుమ్ముతో కలిసి జిగురైపోయింది. మొత్తం కడిగి గన్ ఆయిల్ పల్చగా రాశాక బోల్ట్ వేలితో తోస్తే జారింది.

రెండోది బ్యారెల్. ఈ రైఫిల్‌కి బోల్ట్ వెనక నుంచి పూర్తిగా ఊడి వస్తుంది కాబట్టి క్లీనింగ్ రాడ్ కూడా వెనక నుంచే దూర్చాలి. మూతి వైపు నుంచి గుచ్చితే అక్కడి అంచు అరుగుతుంది. బుల్లెట్ చివరిగా వదిలే చోటు అదే, అక్కడ తేడా వస్తే గురి తప్పుతుంది.

మూడోది చెక్క. దీని స్టాక్ రెండు ముక్కలు. వెనక బట్‌ని లోపల ఒక పొడవాటి బోల్ట్ పట్టి ఉంచుతుంది, మాది వదులైంది. ముందు చెక్కేమో మన గాలిలో తేమకి ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతోంది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ ఒత్తిడి మారి, దెబ్బ పడే చోటూ మారుతుంది. తగలకూడని చోట మాత్రమే కాస్త చెక్కి, అవిసె నూనె పట్టించారు. వీడియోల్లో చెప్పినట్టు చెక్క మొత్తం బ్యారెల్‌కి తగలకుండా తీసెయ్యడం ఈ డిజైన్‌కి నప్పదట. కొన్నిచోట్ల ఆనుకుని ఉండాలనే దీన్ని తయారు చేశారు.

ఏవి వద్దన్నారు?

- వేరే రైఫిల్ బోల్ట్: ప్రతి బోల్ట్‌నీ దాని బాడీకి జత చేసి కొలతలు చూస్తారు. మారిస్తే తూటా వెనక ఖాళీ తేడా వచ్చి ప్రమాదం.
- ఎక్కువ పవర్ తూటాలు: దీని బోల్ట్ వెనక భాగంలో లాక్ అవుతుంది. దాంతో చెయ్యి వేగంగా ఆడుతుంది, కానీ అధిక ఒత్తిడికి పనికిరాదు.
- స్కోప్: బాడీకి కన్నాలు వెయ్యాలి. ఒకసారి వేస్తే అన్‌డూ లేదు.
- ట్రిగ్గర్ తేలిక చెయ్యడం: కింద పడితే పేలే రైఫిల్ ఎవడికి కావాలి?

వెర్డిక్ట్

కొత్తగా పెట్టించింది భుజానికి ఆనే చోట ఒక రబ్బర్ ప్యాడ్, ఒక పట్టీ, అంతే. ఆ ప్యాడ్ కూడా నాన్న చెయ్యి తాతయ్య చెయ్యి కంటే పొడుగు కాబట్టి.

2016 ఆయుధాల నియమాల ప్రకారం 70 ఏళ్లు నిండినా, తుపాకీ కొని 25 ఏళ్లయినా వారసుడి పేరుకి మార్చమని అడగొచ్చు. నాన్న అప్లికేషన్ కలెక్టర్ ఆఫీసులో ఉంది. నంబర్ మొదలుకుని అన్నీ ఒరిజినల్‌గా ఉన్నాయి కాబట్టి కాగితాల దగ్గర ఏ పేచీ రాదు. నా లిస్ట్ ప్రకారం చేసుంటే నాన్నకి దక్కేది వారసత్వం కాదు, కేసు.

ఇంటికొచ్చాక తాతయ్య బోల్ట్ ఒకసారి లాగి వదిలి, "ఇన్నాళ్లూ నేనే దీన్ని పాడు చేశానన్నమాట" అని నవ్వారు. కొబ్బరి నూనె సీసా మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.