214 కోట్ల 74 లక్షల 83 వేల 647: మీ ఫోన్‌కి దీనితో పనేంటి?

ఈ రోజు నేను చెప్పబోయే నంబర్ 2,14,74,83,647. 31 రెండ్లని వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఇది ప్రధాన సంఖ్య. అంటే 1తోనూ, దానితోనూ తప్ప ఇంక దేనితోనూ భాగం పోదు.

చెక్ చేయాలంటే 46,340 దాకా చూస్తే చాలు. అందులోనూ 62తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలే చూడాలి. 1772లో, చూపు దాదాపు పోయిన ఆయిలర్ దీన్ని నిరూపించారు. నాకైతే ఇదే అద్భుతం!

ఇప్పుడు ఫోన్ సంగతి. 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకి పోతే, మిగతా 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. చాలా సిస్టమ్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. అలాంటి 32 బిట్ల గడియారం మన టైమ్ ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి నిండిపోతుంది. మరుసటి సెకనుకి 1901లోకి వెళ్లిపోతుంది! 64 బిట్లకి మారితే భయం లేదు. అప్‌డేట్ రాని పాత మెషీన్లతోనే తంటా.