మోగిస్తేనే తెలిసే యంత్రం

సైరన్ పుట్టింది జనాన్ని హెచ్చరించడానికి కాదు, స్వరాన్ని కొలవడానికి. 1819లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ కాన్యార్ ద లా తూర్ ఒక గుండ్రటి పళ్లేనికి అంచు వెంట సమదూరంలో బెజ్జాలు పెట్టి, కింది నుంచి గాలి ఊదుతూ తిప్పాడు. బెజ్జం ఎదురైనప్పుడల్లా గాలి పైకి తన్నుకొచ్చేది, రేకు అడ్డం రాగానే ఆగిపోయేది. సెకనుకు ఇలా ఎన్నిసార్లు జరిగితే స్వరానికి అన్ని కంపనాలు. ఏ శ్రుతికి ఎన్ని కంపనాలో లెక్కకట్టే సాధనం అలా దొరికింది. నీళ్లలో ముంచినా అది మోగేది.

ఇప్పటి మోటారు సైరన్‌దీ అదే సూత్రం. మోటారు ఇరుసుకు బిగించిన చక్రం గాలిని పీల్చి, తన అంచునా చుట్టూ ఉన్న డొల్లలోనూ ఉన్న కిటికీల గుండా ముక్కలు ముక్కలుగా బయటికి నెడుతుంది. చక్రానికి 10 కిటికీలుండి, అది నిమిషానికి 2,880 చుట్లు తిరిగిందనుకుందాం. అంటే సెకనుకు 48 చుట్లు, 480 కంపనాలు. స్విచ్ వేస్తే మోటారు వేగం అందుకునే కొద్దీ కూత పైకి లేస్తుంది, ఆపితే మెల్లగా దిగుతుంది. మన దేశ పౌరరక్షణ సంకేతాల్లో రెండు నిమిషాల పాటు పడిలేచే కూత వైమానిక దాడి హెచ్చరిక; రెండు నిమిషాలు ఒకే తీరుగా సాగే కూత ప్రమాదం తొలగిందన్న కబురు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కూత వినని ఐరోపా నగరం అరుదు. ఆ తర్వాత అణుబాంబు భయంతో అమెరికాలో 1952లో క్రిస్లర్ కంపెనీ 180 అశ్వశక్తి ఇంజనుతో నడిచే సైరన్ చేసింది. వంద అడుగుల దూరంలో దాని మోత 138 డెసిబెల్స్. బాంబుల భయం తగ్గాక అక్కడి సైరన్లు టోర్నడో, సునామీ హెచ్చరికలకు మళ్లాయి. మన దగ్గర సైరన్ ఎక్కువగా కొలువు చేసింది పురపాలక కార్యాలయాల మీద, మిల్లుల్లో, సింగరేణి గనుల దగ్గర షిఫ్టు వేళలు చెబుతూ. జనవరి 30న ఉదయం 11 గంటలకు అమరవీరుల స్మృతికి మౌనం పాటించమని చెప్పేదీ అదే.

అలా నిత్యం మోగడంలో ఎవరూ పట్టించుకోని లాభం ఒకటుండేది: పాడైతే ఆ పూటే తెలిసిపోయేది. ఆపదకే పరిమితమైన సైరన్‌కు ఆ భాగ్యం లేదు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ స్తంభం మీద మూగగా నిలబడుతుంది. ఈలోగా మూతిలో పిచ్చుకలు గూడు పెడతాయి, కందిరీగలు చేరతాయి. గ్రీజు ఎండిపోయి బేరింగులు పట్టేస్తాయి. ఎలుకలు తీగలు కొరుకుతాయి. ఉప్పుగాలి తగిలే తీరంలోనైతే తుప్పు మరీ త్వరగా పడుతుంది. ఎలక్ట్రానిక్ సైరన్లలో తిరిగే చక్రం ఉండదు కానీ బ్యాటరీలు నీరసిస్తాయి. తుపాను రాత్రి ముందుగా పోయేది కరెంటే కాబట్టి అక్కడ బ్యాటరీయే ప్రాణం.

అందుకే పరీక్ష. ఇది మూడు రకాలు. ఎలక్ట్రానిక్ సైరన్లలో మనిషి చెవికి అందని హెచ్చు పౌనఃపున్యాన్ని పంపి లోపలి భాగాలను తనిఖీ చేయవచ్చు; ఊరికి తెలియదు. మోటారు సైరన్‌ను ఒకటి రెండు సెకన్లు గుర్రుమనిపించి ఆపడం రెండోది. పూర్తి కూత మూడోది. మొదటి రెండూ యంత్రం బాగుందని చెబుతాయి. ఊళ్లో ఎంతవరకు వినబడుతుందో మూడోదే తేలుస్తుంది. చెట్లూ మేడలూ అడ్డొచ్చే చోట దూరం రెట్టింపయినప్పుడల్లా 10 డెసిబెల్స్ తగ్గుతాయని అంచనా వేస్తారు. ఆ లెక్కన 30 మీటర్ల దగ్గర 120 ఉన్న మోత కిలోమీటరు దాటేసరికి 70కి పడిపోతుంది. రద్దీ వీధి రొదలో కలిసిపోయే స్థాయి అది. పదేళ్ల కిందట పొలాలున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తే పాత లెక్క పనికిరాదు. పైగా ఇవి ఆరుబయట ఉన్నవాళ్ల కోసం చేసినవి. తలుపులేసుకుని ఏసీ గదిలో నిద్రపోయేవారిని లేపుతాయన్న హామీ లేదు.

పరీక్ష వేళ అందరికీ తెలిసి ఉండాలి. నెదర్లాండ్స్‌లో నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు, షికాగోలో మొదటి మంగళవారం ఉదయం 10 గంటలకు, స్విట్జర్లాండ్‌లో ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం మోగిస్తారు. ఆ రోజు మబ్బు పట్టి గాలివాన ముంచుకొస్తుంటే అమెరికా ఊళ్లలో పరీక్ష రద్దు చేస్తారు, నిజమైన హెచ్చరికతో పొరబడకుండా. తాళం కూడా చూసుకోవాలి: 2017 ఏప్రిల్‌లో ఎవరో దొంగ రేడియో సంకేతాలు పంపితే డల్లస్‌లోని 156 సైరన్లు అర్ధరాత్రి గంటన్నరకు పైగా జనాన్ని హడలెత్తించాయి.

యంత్రం సరిగ్గా మోగినా సరిపోదు. 1960 మేలో చిలీ భూకంపం తర్వాత హవాయిలోని హీలోలో, సునామీ రావడానికి కొన్ని గంటల ముందే సైరన్లు మోగాయి. సంకేతాల పద్ధతి అప్పటికి కొత్తగా మారింది. ఆ కూతకు అర్థం ఏమిటో చాలామందికి తెలియలేదు. మరో కూత వస్తుందని కొందరు ఎదురుచూశారు. 61 మంది చనిపోయారు.

విశాఖపట్నంలో జరిగింది దీనికి తలకిందులు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి పాకినప్పుడు, కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే వీలుండీ మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్ ఉండటం వేరు, నొక్కే చెయ్యి ఉండటం వేరు.

మీ ఊరు ఆనకట్ట దిగువనో, సముద్రపు ఒడ్డునో, రసాయన కర్మాగారం పక్కనో ఉంటే అధికారులను మూడు ప్రశ్నలు అడగండి. సైరన్‌ను చివరిసారి ఎప్పుడు మోగించారు? అర్ధరాత్రి దాన్ని నొక్కే అధికారం ఎవరిది? అది మోగితే మేం ఎటు పరుగెత్తాలి? మూడింటికీ జవాబు దొరకని చోట స్తంభం మీదున్నది ఇనుము మాత్రమే.