డిక్కీలో స్టెప్నీ లేని కారు కొంటున్నారా? రన్‌ఫ్లాట్ టైర్ల లెక్క ఇదీ

సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ మంచి రేటుకి దొరికిందని సంబరంగా ఇంటికి తెస్తారు. డిక్కీలో అడుగు మూత ఎత్తితే స్టెప్నీ ఉండదు. అమ్మినవాళ్లు కాజేశారని గొడవకి దిగకండి. ఇలాంటి కార్లు చాలావరకు కంపెనీ నుంచే స్టెప్నీ లేకుండా, రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తాయి.

"మా కారుకీ ట్యూబ్‌లెస్సేగా, రెండూ ఒకటే కదా" అంటారు చాలామంది. ఒకటి కాదు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, అంతే. మొత్తం పోయాక బండి ఆపాల్సిందే. రన్‌ఫ్లాట్‌కి పక్కగోడలు మందంగా, గట్టిగా ఉంటాయి. లోపల గాలి లేకపోయినా కారు బరువుని అవే మోస్తాయి. సాధారణంగా కంపెనీలు చెప్పే హద్దు, గంటకు 80 కిలోమీటర్లకు మించని వేగంతో 80 కిలోమీటర్ల దూరం.

ఈ లెక్కని మన దారుల మీద వేసి చూద్దాం. బందరులో షాదీకి వెళ్లి రాత్రి పూట తిరిగొస్తున్నారు. గవర్నర్‌పేటకి సుమారు 70 కిలోమీటర్లు. పిల్లల్నీ ఆడవాళ్లనీ చీకట్లో రోడ్డు పక్కన నిలబెట్టకుండా ఇల్లు చేరొచ్చు. అదే హైదరాబాద్ దారిలో సూర్యాపేట దగ్గర గాలి పోతే? అటు హైదరాబాద్, ఇటు విజయవాడ, రెండూ 100 కిలోమీటర్ల పైమాటే. ఏ ఊరూ అందదు, దారిలోనే టైరు చూపించుకోవాలి. పైగా కారు నిండా మనుషులు, సామాను ఉంటే ఆ 80 కూడా రాకపోవచ్చు.

ఇంకోటి, గాలి పోయినా ఈ టైరు చూడ్డానికి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించే టీపీఎంఎస్ లేని కారుకి రన్‌ఫ్లాట్ వేయించకూడదు. స్టెప్నీ లేకపోతే చలాన్ రాస్తారన్న భయం అక్కర్లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020 జులైలో రూల్ మార్చింది.

ఇక అసలు ఖర్చు. మామూలు టైరుకి పంక్చర్ షాపు భాయ్ కాసేపట్లో ప్లగ్ వేసి పంపిస్తాడు. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్ లోపల వేడికి పాడై ఉండొచ్చు, బయటికి తెలియదు. అందుకే చాలా కంపెనీలు రిపేరు వద్దు, మార్చేయమంటాయి. ధర కూడా మామూలు టైరు కంటే ఎక్కువే. నేను చదివింది కామర్స్, కాబట్టి ఇలా లెక్కేస్తాను: మీ సైజు టైరు 20 వేలు అనుకుంటే నాలుగూ 80 వేలు. అరిగిపోయిన టైర్లున్న కారు 12 లక్షలంటే, మీకు అది 12 లక్షల 80 వేలు. బేరం అక్కణ్నుంచి మొదలెట్టండి.

కొనేముందు టైరు పక్కగోడ చదవండి. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్ అక్షరాలుంటాయి. డాట్ అన్న చోట చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. నాలుగు చక్రాలూ చూడాలి. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలువి కలిపి వేసుంటే బండి పట్టు తేడా వస్తుంది.

మామూలు టైర్లతో వచ్చిన కారుకి, అదీ ఎక్కువగా ఊళ్లోనే తిరిగేదానికి, ఇవి దండగని నా అభిప్రాయం. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీద పంక్చర్ షాపు వెతుక్కోవాల్సిన పనుండదు. పైగా గట్టి గోడల వల్ల గుంతల కుదుపు ఎక్కువ తెలుస్తుంది, వెనక సీట్లో పెద్దవాళ్లుంటే నడుం నొప్పే. రన్‌ఫ్లాట్‌తో వచ్చిన కారుకి మామూలువి వేయించుకునేవాళ్లూ ఉన్నారు. అలా మార్చే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. మార్చాక డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్ పెట్టుకోకుండా హైవే ఎక్కొద్దు.