మాట తప్పిన వీరుడు

బిడ్డలకు వీరులు కావాలి. తల్లిదండ్రులు చూపని వీరుని వారు సినిమాలోనో, బొమ్మలోనో వెదకుకుంటారు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో బడిసంచుల మీద, నోటుపుస్తకాల అట్టల మీద స్పైడర్‌మ్యాన్ బొమ్మను మేము చాలాసార్లు చూశాము. ఆ సంచే కావాలని మారాము చేసే పిల్లలనూ చూశాము. ఆ బొమ్మ వెనుక ఉన్న కథ ఏమిటో పెద్దలకు తెలియడం మంచిది.

1962లో అమెరికాలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అనేవారు ఈ పాత్రను సృష్టించారు. పీటర్ తల్లిదండ్రులు లేనివాడు. పెదనాన్న, పెద్దమ్మ పెంచారు. సాలీడు కాటుతో వింత బలము వచ్చింది. ఒక దొంగను పట్టుకోగలిగి కూడా కోపముతో వదిలేశాడు. కొంతసేపటికే పెదనాన్న హత్యకు గురయ్యాడు. బలముతో పాటు బాధ్యత వస్తుందని ఏడ్చి నేర్చుకున్నాడు. 2002లో సామ్ రైమీ తీసిన చిత్రానికి ఈ పాఠమే ప్రాణము. అది తెలుగు మాటలతో మన పట్టణాలకూ వచ్చింది.

2007లో మూడవ భాగము వచ్చింది. నాలుగవదానిని 2010లో విరమించుకుని, 2012లో కొత్త నటునితో కథను మొదటినుండి తీశారు. పేరు ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’. మన దేశపు నటుడు ఇర్ఫాన్ ఖాన్ కూడా అందులో ఉన్నారు. హీరో ఆండ్రూ గార్‌ఫీల్డ్ చక్కగా నటించాడు. అయినా పదేళ్ళలోనే అదే కాటు, అదే మరణము మళ్ళీ చూడవలసి వచ్చింది. పెదనాన్నను చంపినవాని కోసం మొదలుపెట్టిన వెదకులాట సగములోనే ఆగిపోయింది.

మమ్మల్ని ఎక్కువగా నిరాశపరచినది ముగింపు. గ్వెన్ అనే అమ్మాయి తండ్రి పోలీసు అధికారి. ప్రాణము పోతూ, నీ ప్రమాదములలోనికి నా కూతురిని లాగవద్దని పీటరును మాట అడుగుతాడు. పీటర్ కొన్నాళ్ళు దూరముగా ఉంటాడు. చివరకు తరగతిలో, నిలుపుకోలేని మాట ఇవ్వవద్దని టీచరు అంటే, అలాంటి మాటలే బాగుంటాయని గుసగుసలాడుతాడు. అమ్మాయి నవ్వుతుంది. చిత్రము కూడా దానిని తీపి ముచ్చటగానే చూపి ముగుస్తుంది.

పూర్ణా మార్కెట్‌కు చీకటితోనే కూరగాయలు తెచ్చే రైతును అడగండి, మాట విలువ చెబుతాడు. కాగితము లేకుండా, నోటిమాట మీద సరుకు దించుతాడు. ఒక్కసారి మాట తప్పినవానికి మరునాడు బస్తా దించడు.

2014లో వచ్చిన రెండవ భాగములో గ్వెన్ పోరాటములో చనిపోతుంది. తండ్రి భయపడినదే జరిగింది. కాని ఎక్కువమంది విలన్లు, రాబోయే సినిమాలకు వేసిన ముడుల మధ్య ఆ దుఃఖము చెదిరిపోయింది. 2007 చిత్రము సుమారు 89 కోట్ల డాలర్లు రాబడితే, ఇది సుమారు 71 కోట్ల దగ్గర ఆగింది. తరువాతి భాగము మానుకున్నారు. 2017లో మరొక నటునితో వేరే వరుస మొదలైంది.

బిడ్డ చేతిలోని సంచిని లాగి పారవేయనక్కరలేదు. పక్కన కూర్చుని కథ అడగండి. పీటర్ ఏమి చేయవలసినది? ఆ అమ్మాయి ఇష్టము మాటేమిటని పెద్ద పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఆమెతో దాపరికము లేకుండా మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. చనిపోయినవానికి ఇచ్చిన మాటను మాత్రము నవ్వులాటగా తీసుకోకూడదు.

అయితే ఇది చెప్పేముందు మన లెక్క మనము చూసుకోవాలి. పంట డబ్బు రాగానే కొత్త బట్టలు కుట్టిస్తానని బిడ్డకు ఇచ్చిన మాట కూడా మాటే.